చెప్పులు కుట్టిన పండితుడు – విలియం కేరీ



వార్షికోత్సవ సంచిక అనగానే మహనీయుల జీవితాలు ఉండాల్సిందే. అంబేద్కర్ గారు, ఫూలే గారు, మన జాషువా గారు మనకు కొత్త కాదు. ఈసారి ఒక ఇంగ్లీషు దేశస్థుడి గురించి రాయాలనిపించింది. ఆయన పేరు విలియం కేరీ. చర్చికి వెళ్ళే ఇళ్ళలో ఈ పేరు తెలియనివారు తక్కువ. మన పాస్టర్లు చదివే సెరంపూర్ బి.డి. డిగ్రీ ఆయన మొదలుపెట్టిన కాలేజీ పేరు మీద వస్తున్నదే. ఇంగ్లీషులో అచ్చయిన మొట్టమొదటి తెలుగు వ్యాకరణాల్లో ఒకటి ఆయన రాసిందే. ఇవన్నీ గొప్ప సంగతులే. అయితే నేను ఆయన గురించి రాయడానికి కారణం వేరే ఉంది. ఆయన చెప్పులు కుట్టినవాడు. ఆ మాట పట్టుకుని జీవితమంతా ఆయనను ఎగతాళి చేశారు. తప్పులు పట్టినవారూ చాలామందే. వాళ్ళలో కొందరు అన్యాయంగా అన్నారు, కొందరు న్యాయంగానే అన్నారు. ఎవరు ఎలా అన్నా ఆయన ఎలా తీసుకున్నారో చూస్తే, తోలు పని చేసిన తాతలు, నాన్నలు ఉన్న మనవంటివారికి ఆ జీవితం చాలా దగ్గరగా అనిపిస్తుంది.

విలియం కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని నార్తాంప్టన్‌షైర్‌లో పాలర్స్‌పురీ అనే పల్లెలో పుట్టాడు. తండ్రి ఎడ్మండ్ మగ్గం నేసేవాడు. తరువాత ఊరి చర్చిలో గుమాస్తాగాను, బడిపంతులుగాను పనిచేశాడు. కుర్రవాడికి చెట్లంటే, పురుగులంటే, పుస్తకాలంటే ప్రాణం. పొలం పనికి పెడితే ఎండ పడక ఒంటి మీద చర్మం పాడయ్యేది. అందుకని తండ్రి అతణ్ణి పిడింగ్టన్ అనే ఊళ్ళో క్లార్క్ నికల్స్ అనే బూట్లు కుట్టే ఆసామి దగ్గర పని నేర్చుకోవడానికి పెట్టాడు. ఆ రోజుల్లో అక్కడ కూడా ఈ పనికి గౌరవం ఏమీ లేదు. మన దగ్గర ఉన్న అంటు అక్కడ లేదు, అది ఒప్పుకోవాలి. అయినా బూట్లు కుట్టేవాడు పెద్దమనుషుల బల్ల దగ్గర కూర్చునే మనిషి కాదు.

ఆ కొట్లోనే జాన్ వార్ అనే ఇంకో కుర్రవాడు పని నేర్చుకుంటున్నాడు. అతనిది ప్రభుత్వ చర్చికి బయట ఆరాధన చేసుకునే కుటుంబం. కేరీకి తన చర్చి అంటే గొప్ప, వాళ్ళంటే చులకన. ఆర చేత్తో పట్టుకునే ఇద్దరూ వాదించుకునేవారు. ప్రతిసారీ ఆఖరి మాట కేరీదే. నోరున్నవాడు గెలుస్తాడు కదా. కానీ ఆ గెలుపు తనకు నిద్ర పట్టనివ్వలేదని, న్యాయం అవతలివాడి వైపే ఉన్నదని లోపల తెలుస్తూ ఉండేదని ఆయనే తరువాత రాసుకున్నారు.

ఇక షిల్లింగు సంగతి. క్రిస్మస్‌కు పనివాళ్ళకు వ్యాపారస్థులు మామూళ్ళు ఇచ్చే అలవాటు అక్కడ ఉండేది. ఒక ఇనుప సామాన్ల వ్యాపారి కేరీని షిల్లింగు కావాలా, ఆరు పెన్నీలు కావాలా అని అడిగి, ఆశపడిన కుర్రవాడి చేతిలో చెల్లని షిల్లింగు పెట్టాడు. కేరీ తన కోసం ఏవో కొనుక్కుని, ఆ చెల్లని నాణేన్ని యజమాని డబ్బులో కలిపేశాడు. అడిగితే అబద్ధం చెప్పాలని దారిలోనే నిశ్చయించుకున్నాడు. బయటపడకుండా చూడమని దేవుడికి మొక్కుకున్నాడు కూడా! యజమాని ఇంకో కుర్రవాణ్ణి పంపి విచారించాడు. అంతా బయటపడింది. ఊళ్ళో తల ఎత్తుకోలేని స్థితి వచ్చింది. కేరీ గారి జీవితం రాసినవారందరూ ఈ సంఘటనను వదలకుండా చెబుతారు. దానికి కారణం ఉంది. తాను పైకి కనిపించే మంచివాడు కాదని, నిజంగా పాపినని, తనకు క్షమాపణ కావాలని ఆ కుర్రవాడికి మొదటిసారి అర్థమైంది అప్పుడే. 1779 నాటికి అతడు తాను చులకన చేసిన ఆ వార్ వాళ్ళ ఆరాధనలకే వెళ్ళడం మొదలుపెట్టాడు.

క్రైస్తవులు విమర్శ గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా సామెతల గ్రంథం చూపిస్తారు. గద్దింపు వినేవాడు తెలివైనవాడని, మేలు కోరేవాడి మాట నొప్పించినా నమ్మదగినదని ఆ గ్రంథం పలుచోట్ల చెబుతుంది. కేరీ గారిలో దానికంటే లోతైనది ఒకటి ఉంది. తన గురించి తనకు తెలిసినంత చెడ్డగా విమర్శకులకు తెలియదని ఆయన నమ్మకం. ఆ తెలిసిన చెడ్డతోనే దేవుడు తనను అంగీకరించాడని ఇంకో నమ్మకం. ఈ రెండూ ఉన్న మనిషిని అవమానించడం కష్టం. తరువాతి కథంతా ఈ రెంటి మీదే నడుస్తుంది.

1781లో డొరతీ ప్లాకెట్‌తో పెళ్ళయింది. ఆమెకు పెళ్ళి రిజిస్టరులో సంతకం పెట్టడం కూడా రాదు. కేరీ బూట్లు కుడుతూ, పక్కన పుస్తకం పెట్టుకుని లాటిన్, గ్రీకు, హీబ్రూ నేర్చుకున్నారు. ఆదివారాలు చిన్న చిన్న సంఘాల్లో వాక్యం చెప్పేవారు. బోధకుడిగా అనుమతి కోసం 1785లో ఓల్నీ సంఘం ముందు ప్రసంగించారు. సంఘం వారికి ఆ ప్రసంగం నచ్చలేదు. ఇంకా కొంతకాలం చూద్దామని వాయిదా వేశారు. ఇంటర్వ్యూలో పోయినవాడి బాధ మన పూర్వ విద్యార్థులకు నేను చెప్పనక్కర లేదు. ఆయన సంఘం మారలేదు, వాళ్ళ మీద ఎవరికీ చెప్పలేదు. మరో ఏడాది వాళ్ళు చెప్పినట్టే ప్రసంగాలు చేస్తూ ఉన్నారు. 1786 ఆగస్టులో అదే సంఘం ఆయనను ఆమోదించింది.

మౌల్టన్ అనే ఊళ్ళో పాస్టరుగా, బడిపంతులుగా, బూట్లు కుట్టేవాడిగా మూడు పనులూ చేసేవారు. కుట్టిన బూట్లు సంచిలో వేసుకుని కెటరింగ్‌కు నడిచి వెళ్ళి గాచ్ అనే వ్యాపారికి ఇచ్చేవారు. ఆ గాచ్ ఒకరోజు, ఇకమీదట నువ్వు నా తోలు పాడుచేయనక్కర లేదు, వారానికి 10 షిల్లింగులు నేనిస్తాను, చదువుకో అన్నాడని చెబుతారు. ఆ మాటలో మెచ్చుకోలూ ఉంది, చేతిపని మీద చురకా ఉంది. కేరీ గారు రెండూ తీసుకున్నారు. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు దానితోపాటు నాలుగు మాటలు కూడా వస్తాయని మనకు తెలుసు.

కేరీ గారికి ఆ రోజుల్లో ఒకటే ధ్యాస, దూరదేశాలకు వెళ్ళి సువార్త చెప్పాలని. గోడకు కాగితాలు అంటించి తానే ప్రపంచ పటం గీసుకుని, ఏ దేశంలో ఎంత జనం, ఏ మతం అని రాసుకున్నారు. పాస్టర్ల సమావేశంలో ఈ విషయం ఎత్తితే, జాన్ రైలాండ్ అనే పెద్ద పాస్టరు, కుర్రవాడివి కూర్చోమని, దేవుడు తలుచుకుంటే నీ సాయం లేకుండానే చేసుకుంటాడని గద్దించారని ఒక కథ బాగా ప్రచారంలో ఉంది. ఆ పాస్టరు గారి కుమారుడు ఈ కథను నమ్మలేదు. ఆ ఒక్క సంఘటన ఎలా జరిగినా, పెద్దలు చాలామంది ఆయన ఉత్సాహం మీద నీళ్ళు చల్లిన మాట వాస్తవం. ప్రాణస్నేహితుడు ఆండ్రూ ఫుల్లర్ కూడా మొదట్లో వెనకాడినవారే.

దానికి కేరీ గారు ఇచ్చిన జవాబు 1792లో వచ్చిన 87 పేజీల పుస్తకం. అది చదివితే ఆయన పద్ధతి తెలుస్తుంది. ఆ దేశాలు చాలా దూరం అన్నారు, అక్కడివాళ్ళు మొరటువాళ్ళు అన్నారు, చంపేస్తారు అన్నారు, తిండి దొరకదు అన్నారు, భాష రాదు అన్నారు. ఈ ఐదు అభ్యంతరాలనూ ఒక్కొక్కటిగా తీసుకుని, లెక్కలతో, ఉదాహరణలతో సమాధానం చెప్పారు. తనను నిరుత్సాహపరచినవారి మీద ఎత్తిపొడుపు లేదు. చివరకు ఆ వెనకాడిన పాస్టర్లే 1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో ఒక విధవరాలి ఇంట్లో కూర్చుని మిషన్ సొసైటీ పెట్టారు. ఫుల్లర్ దానికి కార్యదర్శి అయ్యారు.

1793 జూన్‌లో ఓడెక్కి నవంబరు 11న కలకత్తా చేరారు. ఆ తరువాతి ఏడేళ్ళ కష్టాలు రాస్తే సంచిక సరిపోదు. నీలిమందు ఫ్యాక్టరీలో ఉద్యోగం, మలేరియా జ్వరాలు, 1794లో పీటర్ అనే చిన్న కొడుకు మరణం. ఆ దెబ్బతో డొరతీ మతి చలించింది. భర్త మీద లేనిపోని నిందలు వేసి నలుగురిలో కేకలు పెట్టేది. 1807లో ఆమె చనిపోయేవరకు ఆయన ఆమెను ఇంట్లోనే ఉంచుకున్నారు. ఇష్టం లేని భార్యను ఖండాలు దాటించాడని కేరీ గారిని తప్పుపట్టేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ విమర్శ తోసివేయదగినది కాదని నా అభిప్రాయం. ఆమె మొదట రానన్నది. ఓడ బయలుదేరే ముందు ఒత్తిడి మీద ఒప్పుకున్నది.

1800 జనవరిలో కలకత్తాకు ఎగువన హుగ్లీ నది ఒడ్డున డేనిష్ వారి ఏలుబడిలో ఉన్న సెరంపూర్‌కు మారారు. జాషువా మార్ష్‌మన్, విలియం వార్డ్ తోడయ్యారు. అచ్చు యంత్రం పెట్టారు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వచ్చింది. అదే ఏడాది కలకత్తా ఫోర్ట్ విలియం కాలేజీలో ఉద్యోగం దొరికింది. జీతం పెరిగి నెలకు 1000 రూపాయలయింది. అది ఆ కాలంలో చాలా పెద్ద మొత్తం. ఇంటి ఖర్చుకు కొంచెం ఉంచుకుని మిగతాదంతా మిషన్ ఉమ్మడి నిధిలో వేసేవారు.

కాలేజీలో ఆయన కింద పనిచేసిన ప్రధాన పండితుడు మృత్యుంజయ విద్యాలంకార్. గొప్ప సంస్కృత విద్వాంసుడు, మతం హిందూ మతం. కేరీ గారు రోజూ గంటల తరబడి ఆయన పక్కన కూర్చుని తన బెంగాలీ వాక్యాలు దిద్దించుకునేవారు. ఉద్యోగం లెక్కన కేరీ పై అధికారి, భాష లెక్కన శిష్యుడు. మొదటి ముద్రణలో భాష బిగుసుకుపోయి ఉందని, చదివేవాడికి అందదని తేలింది. రెండవ ముద్రణకు అందులో చాలా భాగం మార్చేశారు. ఇలా దిద్దుతూ దిద్దుతూ బెంగాలీ కొత్త నిబంధన 8 ముద్రణలు ఆయన జీవితకాలంలోనే వచ్చాయి. ఆఖరిది 1832లో, ఆయనకు 70 దాటాక. ఒకసారి అచ్చయిన మన వ్యాసంలో ఒక అక్షరం తప్పని ఎవరైనా అంటేనే మనకు కోపం వస్తుంది. ఈయన 30 ఏళ్ళు ఒకే పుస్తకాన్ని తప్పులు వెతుక్కుంటూ చదివారు.

ఇక్కడ ఒక సరదా సంగతి. అన్ని భాషలు నేర్చిన కేరీ గారికి ఇంగ్లీషులో ఫుల్‌స్టాప్ పెట్టడం సరిగా వచ్చేది కాదు. ఫుల్లర్ ఇంగ్లండు నుంచి ఉత్తరం రాస్తూ, ఇన్ని భాషలు వచ్చిన మనిషి సొంత భాష ఇంత అధ్వాన్నంగా రాయడం ఎక్కడా చూడలేదని, ఐదారు వాక్యాలు ఒకదానిలో కుక్కేస్తావని, బెంగాలీ బైబిలుకు కూడా నువ్వు ఇలాగే చుక్కలు పెడితే దాని గతి ఏమవుతుందోనని భయంగా ఉందని చీవాట్లు పెట్టారు. 10వ తరగతి ఫెయిలయినవాడికి మాస్టారు పెట్టే చీవాట్లలాంటివే. ఆ ఇద్దరి స్నేహం చెక్కుచెదరలేదు. 1815లో ఫుల్లర్ చనిపోయినప్పుడు కేరీ గారు ఎంత కుంగిపోయారో ఆయన ఉత్తరాలు చదివితే తెలుస్తుంది.

1807లో నిజంగా తప్పు జరిగింది. సెరంపూర్ ప్రెస్సులో అచ్చయిన ఒక పారశీక కరపత్రంలో మహమ్మద్ ప్రవక్తను కించపరిచే మాటలు పడ్డాయి. అంతకు ముందు ఏడాదే వెల్లూరులో సిపాయిల తిరుగుబాటు జరిగి ఉండటంతో కలకత్తా ప్రభుత్వం ఉలిక్కిపడింది. కేరీ గారిని పిలిపించి అడిగారు. ఆ మాటలు అనువాదంలో చేరిన సంగతి ఆయనకు తెలియదు. తెలియదన్నారు, అది తప్పేనన్నారు, విచారం తెలిపారు, మిగిలిన ప్రతులు అప్పగించారు. అయితే ప్రభుత్వం అంతటితో ఆగక, ప్రెస్సు మొత్తం కలకత్తాకు తెచ్చి తమ కళ్ళముందు పెట్టాలని ఆజ్ఞాపించింది. దానికి మాత్రం ఆయన తల ఊపలేదు. మార్ష్‌మన్‌తో కలిసి గవర్నర్ జనరల్ లార్డ్ మింటోను కలిసి, వివరంగా విన్నపం రాసి ఇచ్చారు. మింటో ఆ ఆజ్ఞను వెనక్కు తీసుకున్నారు. తప్పు ఒప్పుకున్నవాడు ఇక అన్నిటికీ లొంగిపోవాలని అనుకుంటాం కదా. ఆయన ఒప్పుకోవలసినది ఒప్పుకుని, కాదనవలసినది కాదన్నారు. రెండిటికీ ఒకటే మెత్తని గొంతు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1808, 1809 సంవత్సరాల్లో సిడ్నీ స్మిత్ అనే ఆయన ఎడిన్‌బరో రివ్యూ అనే పేరున్న పత్రికలో ఈ మిషనరీలను ఏకిపారేశాడు. చెప్పులు కుట్టుకునేవాళ్ళు భక్తి వేషం వేసుకుని ఇండియాలో సామ్రాజ్యాన్ని ప్రమాదంలో పడేస్తున్నారని దాని సారాంశం. విశేషం ఏమిటంటే ఆ రాసినవాడు కూడా పాదిరీయే. సొంత మతంవాడే వృత్తి పేరెత్తి తిట్టాడు. క్వార్టర్లీ రివ్యూలో రాబర్ట్ సౌతీ అనే కవి కేరీ పక్షాన గట్టిగా జవాబిచ్చాడు. ఈ కొద్దిమంది ఎన్ని భాషల్లో ఎంత పని చేశారో లెక్క చూపించాడు. కేరీ గారు మాత్రం ప్రూఫులు దిద్దుకుంటూ ఉండిపోయారు.

సెరంపూర్‌కు ఎదురుగా నది అవతలి ఒడ్డున బారక్‌పూర్‌లో గవర్నర్ జనరల్ బంగళా ఉండేది. లార్డ్ హేస్టింగ్స్ కాలంలో అక్కడ జరిగిన విందుకు డాక్టర్ కేరీని పిలిచారు. అప్పటికి ఆయన ప్రొఫెసరు, పండితుడు. ఒక సైన్యాధికారి పక్కవాడితో, కేరీకి వినిపించేట్టుగా, ఈయన ఒకప్పుడు బూట్లు తయారుచేసేవాడు కదా అని అడిగాడు. కేరీ ముందుకు వంగి, కాదండీ, అంత పెద్దపని కూడా కాదు, పాతవాటికి మాసికలు వేసేవాణ్ణి అంతే అని చెప్పారు. కొత్త బూట్లు కుట్టేవాడికీ, పాత చెప్పులు బాగుచేసేవాడికీ అక్కడ తేడా ఉంది. రెండవవాడు ఇంకా తక్కువ. అధికారి ఒక మెట్టు దించబోతే ఈయన తానే ఇంకో మెట్టు దిగి కూర్చున్నారు.

ఈ సంఘటన చదివి నేను చాలాసార్లు ఆలోచించాను. మనవాళ్ళు కొందరు దీనిని ఒప్పుకోరు. తగ్గితే ఇంకా తొక్కుతారని అంటారు. మన అనుభవం అలాంటిది, వాళ్ళను తప్పుపట్టలేను. కులం పేరుతో తిట్టడం నేరం. 1989లో వచ్చిన అత్యాచారాల నిరోధక చట్టం అందుకే ఉన్నది. దానిని సహనం పేరుతో వదులుకోమని ఎవరూ చెప్పకూడదు. కానీ కేరీ గారు అక్కడ చేసింది తలవంచడం కాదని నాకనిపిస్తుంది. ఆయన ఆ పనిని దాచలేదు, సిగ్గుపడలేదు. సిగ్గుపడితేనే ఆ మాట తగులుతుంది. స్నేహితులు ఇంటికి వస్తే నాన్న చేసే పని పేరు చెప్పడానికి తడుముకునే పిల్లలు మన హాస్టళ్ళలో ఎప్పుడూ ఉన్నారు. ఆయన గవర్నర్ జనరల్ విందులో తడుముకోకుండా చెప్పారు.

1812 మార్చి 11 రాత్రి సెరంపూర్ ప్రెస్సు తగలబడింది. టైపులు, కాగితం, రాతప్రతులు బూడిదయ్యాయి. అందులో కేరీ గారి తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా పోయింది. ఈ దెబ్బను ఆయన దేవుని చేతి దిద్దుబాటుగా తీసుకున్నారు. ఊరకుండి దేవుణ్ణి ఎరగడం అనే అంశం మీద ఆ వారం ప్రసంగించారు. ఒకసారి నడిచిన దారి రెండోసారి సులువుగా ఉంటుందని స్నేహితులకు చెప్పి మళ్ళీ మొదలుపెట్టారు. ప్రమాదం వార్తతో ఇంగ్లండులో ఆయన పేరు మారుమోగి చందాలు కురిశాయి. అప్పుడు కూడా ఫుల్లర్ హెచ్చరిస్తూనే రాశారు. ఈ పొగడ్త అనే ధూపం మనం పీలిస్తే దేవుడు సహించడని ఆ ఉత్తరం భావం. తెలుగు వ్యాకరణం తిరిగి రాయగా 1814లో అచ్చయింది.

ఆ పుస్తకంలో కూడా ఒక పొరపాటు ఉంది. తెలుగు, తమిళం వంటి దక్షిణాది భాషలకూ ఉత్తరాది భాషలకూ మూలం ఒకటేనని, అంటే సంస్కృతమని కేరీ గారు అభిప్రాయపడ్డారు. 1816లో మద్రాసులో ఎ.డి. క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణం వచ్చింది. దానికి ముందుమాటగా ఎఫ్.డబ్ల్యు. ఎల్లిస్ ఒక వ్యాసం రాస్తూ, కేరీ రాసిన ఆ అభిప్రాయాన్ని ఎదురుగా పెట్టుకుని, తెలుగు ధాతువులు, తమిళ కన్నడ ధాతువులు పక్కపక్కన చూపి అది సరికాదని నిరూపించాడు. మన భాష వేరే కుటుంబానికి చెందిందని తేలడానికి ఆ వ్యాసమే తొలి మెట్టు. 1818లో సెరంపూర్‌లో వచ్చిన తెలుగు కొత్త నిబంధన కూడా నిలవలేదు. తెలుగు బైబిలు పని మద్రాసు వారి చేతికి, తెలుగు నేలమీద ఉన్న మిషనరీల చేతికి వెళ్ళింది. బెంగాల్‌లో కూర్చుని తెలుగు రాయడంలో ఉన్న ఇబ్బంది అది.

బయటివారి మాటలు ఇంత తేలికగా తీసుకున్న మనిషిని సొంతవాళ్ళ మాటలు మాత్రం కోసేశాయి. ఫుల్లర్ పోయాక ఇంగ్లండులోని కమిటీలోకి ఎప్పుడూ ముఖం చూడని కొత్తవాళ్ళు వచ్చారు. ఇండియాకు వచ్చిన యువ మిషనరీలు, వారిలో కేరీ గారి అన్నదమ్ముల కొడుకు యూస్టేస్ కూడా ఒకడు, సెరంపూర్ పెద్దలతో పొసగక 1818 నాటికి కలకత్తాలో విడిగా సంఘం పెట్టుకున్నారు. మార్ష్‌మన్ పెత్తనం ఎక్కువైందని వారి ఫిర్యాదు. అది ముదిరి, సెరంపూర్ ముగ్గురూ మిషన్ డబ్బుతో ఆస్తులు కూడబెట్టారన్న నింద దాకా వెళ్ళింది. నెలకు 1000 రూపాయలు తెచ్చి ఉమ్మడి నిధిలో పోసిన మనిషి మీద ఆ నింద! 1827లో సొసైటీకీ సెరంపూర్‌కీ తెగిపోయింది.

ఈ విషయంలో ఆయన మౌనంగా ఉండలేదు. ఉత్తరాల్లో బాధ, అక్కడక్కడ కోపం కూడా కనిపిస్తాయి. దేవదూతలా నవ్వుతూ కూర్చున్నారని రాస్తే అబద్ధమవుతుంది. అయితే ఆ ఉత్తరాల్లో ఎక్కువ భాగం తన కోసం కాదు, మార్ష్‌మన్ కోసం. ఆయనలో ఉన్న భక్తి, పట్టుదల తనలో సగమైనా లేవని రాశారు. మార్ష్‌మన్‌ను వదిలేస్తే కేరీకి ఏ గొడవా ఉండేది కాదు, విమర్శకులు కూడా ఆయనను వేరు చేసి మాట్లాడటానికి సిద్ధపడ్డారు. ఆయన వేరు కాలేదు. కలకత్తా యువకులతో మాత్రం కాలక్రమంలో సఖ్యత కుదిరి, ఒకే బల్ల దగ్గర ప్రభువు సంస్కారం తీసుకున్నారు.

ఇంత రాసి ఒక లోపం చెప్పకపోతే అన్యాయం. విమర్శ తీసుకోవడం తెలిసిన కేరీ గారికి ఇతరులను దిద్దడం చేతకాలేదు. తల్లి మతి తప్పి, తండ్రి పుస్తకాల్లో మునిగి, నలుగురు కొడుకులు అదుపు లేకుండా పెరిగారు. మార్ష్‌మన్ భార్య హన్నా ఈ సంగతి గమనించి, మంచి మనిషే గాని, తప్పు కనిపిస్తున్నా గట్టిగా మందలించలేనంత మెతక అని రాశారు. ఆ పిల్లలను దారిలో పెట్టింది హన్నా, వార్డ్ గార్లే. మాట పడటంలో ఉన్న సౌమ్యం, మాట అనవలసిన చోట కూడా అలాగే ఉండిపోతే పిల్లలు నష్టపోతారు. వార్డెన్లుగా, టీచర్లుగా ఉన్న మన పూర్వ విద్యార్థులు ఈ ముక్క గమనించాలి.

ముసలితనంలో పొగడ్తలు ఎక్కువయ్యాయి. అలెగ్జాండర్ డఫ్ అనే యువ స్కాట్లండ్ మిషనరీ చూడవచ్చి, మంచం పక్కన కూర్చుని కేరీ చేసిన పనుల గురించే చాలాసేపు మాట్లాడాడు. వెళ్ళబోతుంటే ఆయన వెనక్కు పిలిచి, ఇంతసేపూ డాక్టర్ కేరీ గురించి మాట్లాడావు, నేను పోయాక ఆ పేరు వదిలేసి కేరీ రక్షకుని గురించి మాట్లాడు అని మెల్లగా దిద్దారు. కొడుకులను మందలించలేకపోయిన మనిషి ఆ ఒక్క విషయంలో మాత్రం మందలించారు.

1833లో విలియం యేట్స్ కొత్తగా చేసిన బెంగాలీ కొత్త నిబంధన బయటికి వచ్చింది. ఈ యేట్స్ ఆ విడిపోయిన కలకత్తా యువకుల్లో ఒకడు. కేరీ గారు 30 ఏళ్ళు దిద్దిన పుస్తకం స్థానంలోకి క్రమంగా అదే వచ్చింది. 1834 జూన్ 9న కేరీ గారు సెరంపూర్‌లో కన్నుమూశారు. ఆస్తులు కూడబెట్టాడని పేరుపడ్డ ఆ మనిషి, కొడుకు జేబెజ్‌కు ఇవ్వవలసిన వాటా కోసం తన పుస్తకాలు అమ్మమని వీలునామాలో రాయవలసి వచ్చింది. సమాధి రాయి మీద పేరు, తేదీలు, తాను దీనుడినని చెప్పే ఒక పాత కీర్తన పాదం తప్ప ఇంకేమీ చెక్కవద్దని కోరారు. ఆ రాయి ఇప్పటికీ సెరంపూర్‌లో ఉంది. దాని మీద డాక్టర్ అని లేదు, ప్రొఫెసర్ అని లేదు.